టైలరమ్మ మూడో వ్యాయామం

“వారం నుంచి ఒక్క పూట కూడా మానలేదు డాక్టర్ గారూ, చూడండి,” అంటూ టైలరమ్మ మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టింది.

ఫిజియోథెరపిస్టు కుర్చీలోంచి కదలకుండా తలూపాడు.

ముందు చాప మీద బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ పైకెత్తింది. తర్వాత స్టూలు మీద కూర్చుని ఎడమకాలు నెమ్మదిగా చాపింది, మడిచింది. తుంటి నుంచి మడమ దాకా పట్టేసిన నరాన్ని అలా వదులు చెయ్యాలని నేర్పింది ఆయనే.

“భేష్!”

“ఆగండి, కష్టమైనది ఇప్పుడుంది.”

నేల మీది దిండు తియ్యబోతున్నట్టు వంగి, సగంలో ఆగిపోయింది. ఒక చెయ్యి నడుం మీద వేసి, కళ్ళు గట్టిగా మూసి, “చచ్చాన్రా దేవుడోయ్!” అని గది అదిరేలా అరిచింది. ఆపైన బల్ల పట్టుకుని పీతలా పక్కకి నడిచింది.

ఆయన ముఖం పాలిపోయింది. “ఇది... నేనెప్పుడు నేర్పానమ్మా?”

“పోయినసారి చివర్లో మీరే చేసి చూపించారుగా! ఆ అరుపుకి మా ఆయన హడలి చస్తున్నాడు, అయినా మానలేదు. ఆ తర్వాత ఇద్దరొచ్చి మిమ్మల్ని స్ట్రెచరు మీద మోసుకెళ్ళారు చూడండి, అదొక్కటే కుదరడం లేదు. మా ఆయన ఒక్కడూ మొయ్యలేనంటున్నాడు.”

“మరి... నొప్పి?”

“మాయం! నిన్న రోజంతా మిషను తొక్కాను.”

ఫిజియోథెరపిస్టు తెల్లకోటు కింద నడుముబెల్టు సర్దుకుని, బల్ల ఆసరాతో అంగుళం అంగుళం లేచాడు.

“ఏదీ, ఆ తలుపు వేసేసి, మళ్ళీ ఒక్కసారి నెమ్మదిగా చేసి చూపించండి. అరుపుతో సహా.”