తోక దొరికితే చాలు

బేయా తన ల్యాబు తలుపు తీసేసరికి ఆ ముసలామె మళ్లీ గుమ్మంలోనే ఉంది. అక్కడ పెద్దావిడ ఎవరైనా ఖాల్తీయే, అంటే పిన్ని.

"ఏంటి ఖాల్తీ, ఇవాళ కూడానా? ఇంత పెద్దాస్పత్రిలో నీకు వేరే చోటే దొరకలేదా?"

"చచ్చిందా అది?"

"ఏది?"

"లోపల మీరు పెంచుతున్నారే, ఆ పురుగు."

"దూరం జరుగు. అంటుకుంటే మందు లేదు."

"ఇంక నాకేం అంటుకుంటుందిలే తల్లీ," బోసినోటితో నవ్వింది ముసలామె.

బేయాకి నవ్వు రాలేదు. పై వార్డులో ఎవరి పుండులోంచో తీసిన క్రిమి అది. సీసా మీద నలభై రెండు అన్న అంకే తప్ప రోగి పేరుండదు. అడగరు కూడా, అక్కడి పద్ధతే అంత. ఏ మందు పోసినా తెల్లారేసరికి క్రిమి పెరిగి సీసా మళ్లీ మసకబారుతోంది.

పొద్దున్నే డాక్టర్ ఫోన్ చేశాడు. "ఒళ్లంతా పాకుతోంది బేయా. రోగికి ఇంకెంతో టైం లేదు."

"ఎందుకు చావదు?" ముసలామె వదల్లేదు.

విసుగ్గానే చెప్పింది బేయా. "మందు దాని ఒంటి పొరని పాడుచేస్తుంది. పొరలో చెడ్డ ముక్కలు ఇరుక్కుంటాయి. కానీ దాని కడుపులో ఓ యంత్రం ఉంది. చెడ్డ ముక్క తోక దొరికితే చాలు, పొరలోంచి లాగి నమిలేస్తుంది. పొర మళ్లీ బాగైపోతుంది."

"తివాచీలోంచి తప్పు పోగు పీకినట్టు."

"ఆఁ, అలాగే."

"కైరవాన్‌లో తివాచీలు నేస్తూ యాభై ఏళ్లు పీకాను. వదులు పోగైతే సర్రున వచ్చేస్తుంది. చివర గట్టి ముడి పడిందనుకో, రాదు. వేలు అక్కడే ఇరుక్కుంటుంది."

"సరే, మహా చెప్పావు. ఇక లే."

ముసలామె గోడ పట్టుకుని లేచింది. వెళ్లిపోయింది.

మర్నాడు గుమ్మం ఖాళీ. హమ్మయ్య అనుకుంది బేయా.

ముడి మాట మాత్రం బుర్రలోంచి పోలేదు. యంత్రం లాగలేనంతగా ముక్కల్ని బిగించే పాత మందొకటి మందుల గదిలో మూలపడి ఉంది. తెచ్చి, మామూలు మందుతో కలిపి పోసింది.

రెండో పొద్దుకి సీసా మంచినీళ్లలా తేటపడింది. బిగిసిన ముక్క యంత్రం గొంతుకి అడ్డం పడింది.

ఒక్క ఊపున మెట్లెక్కింది. "నలభై రెండో నంబరు ఏ మంచం? మందు దొరికింది!"

నర్సు దుప్పటి మడుస్తోంది. "ఇప్పుడే తీసుకెళ్లారమ్మా, కిందికి. పోయింది."

"ఎవరామె?"

"అదేంటి, మీరెరగరా? నా పురుగు సంగతి కనుక్కొస్తానని రోజూ మీ గుమ్మంలోనేగా కూర్చునేది."