పద్నాలుగుకి లింకు లేదు

"పద్నాలుగో నంబరు తీసేద్దాం లింకమ్మగారూ. దానికి ఒక్క లింకు కూడా లేదు," అన్నాడు మేనేజరు.

లింకమ్మ గడియారం చూసింది. సాయంత్రం ఐదింటికల్లా లిస్టు హెడ్డాఫీసుకి వెళ్లిపోవాలి. వెళ్లిందంటే పద్నాలుగు పని అంతటితో సరి.

లింకమ్మ ఆమె అసలు పేరు కాదు. ఆర్నెల్ల కిందట వచ్చిన మేనేజరుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. క్లౌడ్ కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో ప్రమాణాలు రాసే కమిటీలో మూడేళ్లు కూర్చుని వచ్చిందామె. మూడేళ్లూ ఒకటే వాదన. రెండు వనరుల మధ్య లింకు ఉంటే దాన్ని ఎక్కడ రాయాలి? అడిగేదాని పేజీలోనా, ఇచ్చేదాని పేజీలోనా, రెండిట్లోనా? అడిగేదాని పేజీలో రాస్తే చాలని ఆఖరికి తేల్చారు. తేల్పించింది లింకమ్మే. ఆ రోజు ఇంటికెళ్లి గంటసేపు అదే చెప్పింది. మొగుడు కూర్చున్నచోటే నిద్రపోయాడు.

ఇప్పుడు హెడ్డాఫీసు ఆ పద్ధతిని తెచ్చి ఆఫీసు మొత్తానికీ అంటించింది. గదులు, విభాగాలు, మెషీన్లు, హెడ్డాఫీసు భాషలో అన్నీ వనరులే. మొత్తం నలభై ఒకటి, ఒక్కోదానికి ఒక ఫారం, అదే దాని పేజీ. ఎవరూ వాడనివి, అంటే ఏ లింకూ లేనివి, పీకెయ్యాలి. మొహమాటాలు అడ్డు రాకుండా ఒక నిబంధన కూడా పెట్టారు. నిర్ణయం తీసుకునే మనిషికి నంబర్లే కనబడాలి. నంబరు వెనక ఏముందో ఆయనకి ఎవరైనా చెబితే, ఆ నంబరు అక్కడికక్కడే రద్దు.

"ఇచ్చేదాని పేజీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుందండీ," అంది లింకమ్మ. "పద్నాలుగు ఎవర్నీ ఏమీ అడగదు. అడిగేది మిగతావాళ్లు. లింకులు వాళ్ల పేజీల్లో ఉండాలి."

"వాళ్ల పేజీల్లోనూ లేవుగా."

నిజమే, లేవు. లింకమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని విభాగాల మీద పడింది.

డేటాబేస్ పెద్దాయన స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే, "పద్నాలుగా? రోజుకి రెండుసార్లు. పని ముదిరితే మూడు," అన్నాడు.

"మరి ఫారంలో రాయలేదేం బాబాయ్‌గారూ?"

"ఏ రకం లింకని రాయను తల్లీ? అందులో ఉన్నవి రెండే రకాలు. నెట్‌వర్కు, స్టోరేజి. పద్నాలుగు రెండూ కాదుగా!"

ఆ రెండు రకాలూ పెట్టింది కూడా లింకమ్మే. ఆమె టెస్టింగు వైపు నడిచింది.

"పద్నాలుగు లేకపోతే మొదటి వారమే మానేసి పోయేదాన్నక్కా," అంది టెస్టింగు పిల్ల.

"ఆ ముక్క రాసి ఏడవచ్చుగా!"

"కాలమ్ లేదక్కా."

ఆరు విభాగాలు తిరిగితే ఆరింట్లోనూ అదే పాట. లింకమ్మకి తన మీద తనకే ఒళ్లు మండింది.

మేనేజరు గదికి తిరిగొచ్చి, "లింకులున్నాయండీ, రకమే లేదు," అంది. "రోజూ పదకొండింటికోసారి, నాలుగింటికోసారి ఆఫీసంతా పద్నాలుగు మీదే పడుతుంది. పోయిన గురువారం పద్నాలుగు పనిచెయ్యలేదు. ఆ రోజు డేటాబేసూ టెస్టింగూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. మీరు కూడా ఎవరిమీదో ఫైలు విసిరారు."

"అది వేరే సంగతి. ఎన్నేళ్ల నాటిది?"

"ఇక్కడ పందొమ్మిదేళ్లుగా ఉంది."

"అదీ సంగతి! అంత పాతదాన్ని పట్టుకుని వేలాడతారేంటండీ? దాని చోట్లో కొత్త మెషీను పెట్టిద్దాం. బటన్ నొక్కితే పనైపోతుంది. మెమరీ ఎంత?"

"ముప్పై ఏడు మందిలో ఎవరికేం కావాలో ఒక్కసారి చెబితే చాలు. మళ్లీ అడగదు."

"బ్యాకప్?"

"లేదు."

"లేదు! మీరే అంటున్నారు," అని మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన చెడ్డవాడేం కాదు. లిస్టు పూర్తి చేసి పంపడమంటే ఇష్టం, అంతే.

చెప్పకూడని మాట లింకమ్మ గొంతుదాకా వచ్చింది. చెబితే పద్నాలుగు పోతుంది. చెప్పకపోయినా పోయేట్టే ఉంది. తన చేత్తో తనే చేసిన నిర్వాకం. ఆమెకి ఏడుపొచ్చింది. మాటనీ ఏడుపునీ కలిపి మింగేసింది.

"ఒక్క లింకు చూపిస్తే ఉంచుతారా?"

"ఒక్కటి చాలు. రకం మాత్రం రాసి ఉండాలి."

"అయితే రాసుకోండి. ఎక్కణ్ణుంచి, ఒకటో నంబరు. ఎక్కడికి, పద్నాలుగు."

ఒకటో నంబరు మేనేజరు గది. ఆ ఒక్క నంబరూ దాచడం కుదరలేదు. తలుపు మీదే అంటించి ఉంది.

"నా గదిలోంచా?" అని ఆయన నాలుగు గోడలూ, టేబుల్ కిందున్న వైర్లూ కలియజూశాడు. "నాకు తెలీకుండా ఆ డొక్కుదానికి నా గదిలోంచి లింకా? ఏ రకం?"

లింకమ్మ ఫారం మరోసారి తిరగేసింది. నెట్‌వర్కు, స్టోరేజి, అంతే.

"రకం లేదు. అంటే లింకు లేదు," అని మేనేజరు లిస్టు దగ్గరికి లాక్కుని ఎర్ర పెన్ను మూత తీశాడు.

తలుపు మోచేత్తో తోసుకుని లోపలికొచ్చిన పద్నాలుగు ఆ లిస్టు పక్కనే టీ కప్పు పెట్టి, "చక్కెర వెయ్యలేదు సార్, మొన్న రక్తపరీక్ష రిపోర్టు చూసుకుని మొహం వేలాడేశారుగా," అంది.