కింది వాటా కుళాయి

ఆరోజు పొద్దున పూజ ముగించి, అయ్యప్ప మాల వేసుకున్న తమ్ముడు పెంచలయ్య చేతిలో తులసి తీర్థం పోసినాను. నోట్లో పోసుకోగానే వాడి మొహం ముడుచుకుపోయింది. తీర్థం ఉమ్మకూడదు గదా, కళ్ళు మూసుకుని మింగినాడు.

“ఇంత ఉప్పగా ఉందేందక్కా?”

“కింది వాటాలో అమ్మకు నువ్వు వదిలిన బోరు నీళ్ళే స్వామీ. మంచినీళ్ళ పైపు నీ మేడకే తిప్పుకుంటివి. ఒళ్ళంతా దురదలని అమ్మ ఏడిస్తే, అలవాటైపోతాదిలే అంటివి.”



సాయంత్రం అమ్మా, వాడూ, నేనూ నీళ్ళ సంగతి మాట్లాడేదానికి కూర్చున్నాం. పైపు రేపే కిందికి కలుపుతానని వాడే అన్నాడు. సంతోషం అన్నాను.

వాడు మేడెక్కినాక అమ్మా నేనూ ఇంకోటి తేల్చుకున్నాం. వాడు మాల తీసేదాకా తీర్థం మాత్రం బోరు నీళ్ళతోనే.