పీకేసిన చట్రం

చక్కగా నడుస్తున్న యంత్రానికి ఒకరు తగిలించిన వస్తువును, అది ఎందుకుందో తెలుసుకోకుండానే పీకి పారేసే అధికారం మనకు ఎవరిచ్చారు?

ఆ ఉదయం బావా బావమరదులిద్దరూ ఒక పాత మోటారుసైకిలును చూడబోయారు.

తారురోడ్డు మీదా రాళ్లదారిలోనూ ఒకేలా నడిచే ఎత్తు బండి. లావుపాటి గళ్ల టైర్లు, మోకాలెత్తున పొగగొట్టం.

బావ ఇల్లు వాగుకు ఆవల, మిట్ట మీద. వానలు పట్టాయంటే అక్కడికి ఆసుపత్రి జీపు రాదు. భార్యకు నెలలు నిండుతున్నాయి. ముందుగా ఆమెను తెచ్చి ఉంచడానికి వాగుకు ఇవతల తమవాళ్లంటూ ఎవరూ లేరు. సమయానికి ఆమెను వాగు దాటించగల బండి అతనికి కావాలి.

అమ్మే మనిషి ఒక పెద్దావిడ. రేకుల షెడ్డులో ముక్కాలిపీట మీద, మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది.

"మీవారు నడిపేవారా అమ్మా?" అన్నాడు బావ.

"ఆయనకు సైకిలే వచ్చేది కాదు నాయనా."

బావమరిది పకపకా నవ్వాడు. మరి నడిపింది ఎవరని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

సీటు వెనక ఒక ఇనుప చట్రం బిగించి ఉంది. అర్ధచంద్రంలా వంచిన కమ్మీకి ట్యూబు రబ్బరు చుట్టి, ఎడమవైపు కిందుగా వెడల్పాటి పలక అతికించారు.

"ఇదేంటి బావా, బండికి కావిడి కట్టారు?" బావమరిది దాన్ని పట్టుకుని ఊపాడు. "గ్యాసు బండలు మోసినట్టున్నారు. గొడ్డుచాకిరీ చేసిన బండి. ఇంజను గుల్లయిపోయి ఉంటుంది."

"మోసిన మాట నిజమే," అంది పెద్దావిడ. "ఇంజను గట్టిది. గొలుసు మార్చుకోండి, కార్బురేటరు కడిగించండి. ఆ చట్రం మాత్రం తీయకండి."

బావ విన్నట్టే తలూపాడు. అరచేత్తో వెనక సీటును నొక్కి నొక్కి చూస్తున్నాడు.

"ఇంట్లో ఎన్నో నెల?" అని అడిగింది ఆమె.

అతని చెయ్యి ఆగిపోయింది. "మీకెవరు చెప్పారు?"

"బండి కొనేవాడు ఇంజను చూస్తాడు. నువ్వు వెనక సీటు మెత్తగా ఉందో లేదో చూస్తున్నావు. మీది ఏ దారి?"

"వాగు అవతల, మిట్ట మీద."

ఆమె ఇక బేరమాడలేదు. తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

"ఒక పూట నన్ను తీసుకెళ్లు నాయనా. వాగులో ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో చూపిస్తాను."

"చాల్లే పెద్దమ్మా! నిన్ను ఎక్కించడానికి ఇద్దరు, దింపడానికి నలుగురు కావాలి," అన్నాడు బావమరిది.

బయటికి రాగానే గొంతు తగ్గించాడు. "ఆవిడ చూపు నాకు నచ్చలేదు బావా. ఇంటి సంగతులన్నీ కూపీ లాగుతోంది."

బావ మనసులోనూ ముల్లు గుచ్చుకుంది. బండిలో ఏదో లోపం దాచిందేమోనన్న భయం ఆ రోజంతా వదల్లేదు.

మెకానిక్ గొలుసు మార్చాడు. కార్బురేటరు కడిగాడు. బ్రేకులు సరిచేశాడు. చట్రాన్ని చూసి పెదవి విరిచాడు.

"బరువంతా ఎడమవైపుకు లాగుతోంది సార్. పలక రాళ్లకు కొట్టుకుంటుంది. తీసేద్దామా?"

"పీకెయ్యండి, పీడా పోతుంది," అన్నాడు బావమరిది.

బావ తటపటాయించాడు. "ఆవిడ వద్దంది కదరా?"

"అయితే అక్కని గ్యాసు బండలా కట్టి తీసుకెళ్తావా?"

చట్రం పాత ఇనుప సామాన్ల కొట్టుకు పోయింది. బండి కొత్తదానిలా తయారైంది.

వానలు ముందే వచ్చాయి. నొప్పులూ ముందే వచ్చాయి.

భార్య ఒక పక్కకు తిరిగి బండి మీద కూర్చుంది. ఆనుకోవడానికి వెనక ఏమీ లేదు. కాళ్లు ఆనించడానికి కింద ఏమీ లేదు. వాకిలి దాటకముందే నొప్పి మెలిపెట్టింది. ఆమె వెనక్కు వాలిపోయింది. తమ్ముడు పట్టుకోకపోతే రాళ్ల మీద పడేది.

"నావల్ల కాదండీ... పట్టుకోడానికి ఏదీ లేదు... దింపండి నన్ను!"

ఆమెను లోపల పడుకోబెట్టి, బావ ఆసుపత్రికి ఫోను చేశాడు.

"జీపు వాగు దాటలేదండీ," అంది నర్సు. "మీరే బండి మీద తీసుకురాగలరా?"

"కూర్చోలేకపోతోందమ్మా! జారిపోతోంది!"

"అయ్యో... ఇలాంటివాళ్లను తేవడానికి మాకొక పెద్దావిడ ఉండేది. ఎంత వాగైనా దాటించేది. మోకాళ్లు పోయి మొన్ననే బండి అమ్మేసింది."

"అమ్మేసిందా..."

"కంగారుపడకండి. వాగు అవతలివాళ్లకే ఇస్తానని పంతం పట్టి, ఎందరినో తిప్పి పంపింది. చివరికి మీ మిట్ట మీదివాళ్లకే ఇచ్చిందట. వాళ్లెవరో కనుక్కుని తొందరగా పిలవండి. నొప్పులొచ్చిన మనిషిని కూర్చోబెట్టడానికి ఆవిడ చేయించిన చట్రం ఆ బండికే ఉంది."

అతను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని వాకిట్లోని బండి వైపు చూశాడు.

నర్సు కబురందుకుని ఆ పెద్దావిడ, తనకు తెలిసిన రేవు గుండా కర్ర ఊతంతో వాగు దాటి వచ్చేసరికి పొద్దు వాలింది.

బండి వెనక, బోల్టులు పోయిన రంధ్రాలను వేలితో తడిమింది. లోపలికి వెళ్లింది.

తల్లి దక్కింది.

బిడ్డ సంగతి నన్ను అడగకండి. "ఇది మాత్రం తీయకండి" అని మీతో ఎవరైనా అన్ననాడు, ఎందుకని వాళ్లను అడగండి.