మసి చేతులు

హైస్కూలు పిల్లలకి పని నేర్పమని బడివాళ్లు చుట్టుపక్కల షాపులకి పంపుతున్నారు. నా మోటార్ల రిపేరు షాపుకి వచ్చిన పిల్ల, ఎవరో కాదు, మా సైన్సు మాస్టారి కూతురు. తెలియగానే సబ్బు డ్రాయర్లో దాచేశాను.

నేను చదువుకునేటప్పుడు ఆయన నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుని, "ఆడపిల్లవి, నీకెందుకే ఈ మసి పని?" అని క్లాసంతటినీ నవ్వించాడు. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లో మోగుతూనే ఉంది.

కాలిపోయిన మోటార్లన్నీ తెచ్చి ఆ పిల్ల ముందు పడేశాను. సాయంత్రానికి మోచేతుల దాకా నల్లబడింది. ఆయన మొహం ఎలా మాడిపోతుందో కసితీరా చూద్దామని గుమ్మంలో నిలబడ్డాను.

సందు మలుపులో స్కూటర్ కనిపించింది. తెల్లటి చొక్కా, అదే దర్జా. పిల్ల వైపు చూస్తే మాత్రం ఎందుకో మనసొప్పలేదు. సబ్బు తీసి చేతికిచ్చాను.

"కడుక్కో తల్లీ, మీ నాన్న వస్తున్నాడు."

"మీరు దాచడం పొద్దున్నే చూశానక్కా," అంది నవ్వి. "వద్దు. మొన్న మీ సంగతి చెప్పి నవ్వుతూ, నా స్క్రూడ్రైవర్ కూడా లాక్కున్నాడు. ఈ షాపుకే పంపమని బడిలో పట్టుబట్టింది నేనే."

స్కూటర్ ఆగింది. పిల్ల ఎక్కి, తండ్రి నడుం చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకుంది.