కుంటలో మురికి ఎవరిది?

వాన పడ్డప్పుడల్లా కుంట కంపు కొడుతోందని కప్ప ఏనుగు రాజుగారికి ఫిర్యాదు చేసింది. పిలిచి అడిగితే గేదె, పంది, మేక నాది కాదంటే నాది కాదన్నాయి. మురికి నాలుగు వైపుల నుంచీ కొట్టుకొస్తుంటే ఎవరినని పట్టుకుంటారు?

"ఒప్పుకున్నవాళ్లకి సర్కారు గడ్డి దుబ్బులు ఉచితం! కుంటకి మీరుండే వైపు వాలులో నాటితే మురికి అక్కడే ఆగుతుంది. పెరిగాక మేయండి, నాటకముందే నమలకండి," అన్నారు రాజుగారు.

గేదె చెవులు రిక్కించింది. "ఆ పేడ నాదేనండి!"

"నా బురద అంతకంటే ఎక్కువండి!" అంది పంది.

"పెంటికలన్నీ నావే!" అని మేక ముందుకు దూకింది.

దుబ్బులు నాటి వేళ్లూనాక, మరుసటి వానకి కుంటలోకి తేట నీళ్లు దిగాయి. రెండోసారి దుబ్బులు పంచుతుంటే వరస చివర కప్ప కనిపించింది.

"ఫిర్యాదు చేసింది నువ్వే కదా?"

"చిత్తం మహారాజా! ఫిర్యాదూ నాదే, కాస్త మురికీ నాదే. ఒక్క దుబ్బు ఇప్పించండి, దాని నీడన కూర్చుని పాడుకుంటాను!"