తొమ్మిదిన్నర బస్సు

“ఇవాళ కూడా వంతెన ముందు బండాపి దిగిపోయావో, స్టీరింగు సంగతి మర్చిపో. రేపట్నుంచి బస్సులు కడుక్కుందువు గాని,” అని మరోసారి హెచ్చరించాడు డిపో మేనేజరు.

డ్రైవరు బస్సెక్కాడు. ఆ వంతెన మీద టైరు పేలి, బస్సు ముందుచక్రం గాల్లో వేలాడిన నాటి నుంచి అతనికి అక్కడికొచ్చేసరికి కాళ్లు చచ్చుబడిపోతున్నాయి. ఇంట్లో చెబితే నవ్వుతారని ఫోన్లో ఆ ఊరివాళ్ల ‘పిరికిపందలం’ అనే గ్రూపులో చేరాడు. రకరకాల భయాలున్నవాళ్లు. ఒకరి మొహం ఒకరికి తెలీదు. అయినా ఆర్నెల్లుగా అతని గుండెకు ఆసరా వాళ్లే.

నిన్న పొద్దున అందులో, “రేపు తొమ్మిదిన్నర బస్సు నాదే. ఇదే ఆఖరి అవకాశం,” అని రాశాడు. ఒక్కరంటే ఒక్కరు బదులివ్వలేదు. ఇందాక మళ్లీ చూశాడు. ఊహూఁ.

‘వాళ్లకీ విసుగొచ్చినట్టుంది,’ అనుకున్నాడు.

“ఇదేం చోద్యం అన్నా! సీట్లన్నీ నిండిపోయాయి. అందరూ చివరి స్టాపుకే టికెట్టు తీసుకున్నారు,” అంది కండక్టరు.

అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఒకాయన ముందుసీటు కడ్డీని ఉడుములా పట్టుకున్నాడు. ఒకావిడ కళ్లు గట్టిగా మూసుకుంది. ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

“నా సంగతి తెలిసిపోయింది చెల్లీ. నా చేతిలో బండి చూసి హడలిపోతున్నారు.”

“హడలిపోయేవాళ్లు ఎక్కుతారా? పోనీయన్నా!”

వంతెన రానే వచ్చింది. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. వెనక ఎవరో వెక్కినట్టు ఊపిరి పీల్చారు.

‘ఇంత భయంలోనూ నన్ను నమ్మి కూర్చున్నారే! వీళ్లని నడిమధ్యన దింపేయనా?’

పళ్లు బిగించి యాక్సిలరేటరు తొక్కాడు. ఒక స్తంభం. ఇంకోటి. కింద నీళ్లు. మరో స్తంభం. అంతే, నది వెనకబడిపోయింది!

“దాటేశావన్నా!” కండక్టరు కేక పెట్టింది. అతను ఆపకుండా హారను మోగించాడు. కళ్లమ్మట నీళ్లు.

చివరి స్టాపులో తలుపు తెరిచాడు. ఎవరూ దిగలేదు. ఒక ముసలావిడ మాత్రం సీట్లు పట్టుకుంటూ ముందుకొచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసింది.

“నీకు బదులు రాసే తీరికెక్కడిది నాయనా? బస్సెక్కడానికి ఒకరికొకరం ఫోన్లు చేసి ధైర్యం చెప్పుకోవడమే సరిపోయింది. మన ‘పిరికిపందలం’ నలభై మందిమీ గడప దాటి ఏళ్లయింది మరి!”